తిరిగితే నేరం, ఆగితే అనర్హత

మా కౌన్సిల్‌ని (ఇక్కడి స్థానిక ప్రభుత్వాన్ని) ఎవరైనా ఒక మాట అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఇంగ్లండులో ఇల్లు కొనుక్కుని, నెలనెలా ఠంచనుగా కౌన్సిల్ టాక్స్ కడుతూ, ఏ వారం ఏ రంగు చెత్తడబ్బా బయట పెట్టాలో కంఠతా పట్టినవాడిగా చెబుతున్నాను. బండ్ల మీద ఊరూరా తిరిగే సంచార జాతులైన జిప్సీలకు, ట్రావెలర్లకు చోటు చూపించడానికి ఈ దేశపు కౌన్సిళ్ళు పడుతున్న శ్రమని లోకం గుర్తించడం లేదు. యాభై ఏళ్ళ పైనుంచీ వెతుకుతున్నారు. విసుగు లేదు, విరామం లేదు. పోయిన ఉంగరాన్ని ఇంత ఓపిగ్గా వెతికేవాణ్ణి మీరెక్కడైనా చూశారా? ఉంగరం తన వేలికే ఉన్నవాడు తప్ప ఇంకెవరూ అలా వెతకలేరు.

మొన్న మార్చిలో ఒక గురువారం సాయంత్రం మా ఊరి విలేజ్ హాలులో ఈ వెతుకులాట మీద ప్రజాభిప్రాయం సేకరించారు. గోడకి మ్యాపు, మ్యాపు మీద మూడు ఎర్ర మచ్చలు, మూల టేబుల్ మీద టీ, బిస్కెట్లు. ప్లానింగ్ ఆఫీసరమ్మాయి, మా మేనకోడలి వయసుంటుంది, పలచటి గొంతుతో "రాబోయే ఐదేళ్ళలో మన పరిధిలో పదకొండు పిచ్‌లు కావాలి" అంది. నా పక్కన కూర్చున్న గుంటూరాయన మొహం వెలిగింది. ఆయన శనివారాలు క్రికెట్ ఆడతాడు. "అది కాదండీ" అన్నాను చెవిలో. పిచ్ అంటే ఒక కుటుంబం నిలిచే జాగా. ఉండటానికి ఒక పెద్ద మొబైల్ హోమ్, ప్రయాణానికి ఒక చిన్న కారవాన్ (బండికి తగిలించి లాగే చక్రాల ఇల్లు), స్నానానికీ బట్టలుతుక్కోవడానికీ ఒక చిన్న గది, బండి పెట్టుకునే చోటు. పదకొండు పిచ్‌లంటే పదకొండు కుటుంబాలు. అదే ప్లాను పుస్తకంలో ముందు పేజీలు తిరగేస్తే వేలకొద్దీ ఇళ్ళకు చోటు దొరికేసి ఉంది. అది వేరే విషయం.

హాల్లో కాలు పెట్టే సందు లేదు. ఇదే హాల్లో ఊరి బడ్జెట్ మీటింగ్ పెడితే పదిమంది వస్తారు, అందులో నలుగురు బిస్కెట్ల కోసం. ఒక్కొక్కరే లేచి ఒకే వాక్యంతో మొదలుపెట్టారు. "నాకు వాళ్ళంటే ఏ వ్యతిరేకతా లేదు, కానీ..." ఆ ‘కానీ’ దగ్గర ఇంగ్లీషువాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. పర్మిషన్ లేకుండా ఆగగలిగిన చోటు మా ప్రాంతంలో అదొక్కటే.

తర్వాత కారణాలు. దారి ఇరుకు. డ్రైనేజీ చాలదు. బడిలో సీట్లు లేవు. డాక్టరు అపాయింట్‌మెంట్ ఇప్పటికే దొరకడం లేదు. పొలం పక్క కుంటలో న్యూట్ అనే ఒక రకం నీటిబల్లి ఉంది. దాన్ని చట్టం కాపాడుతుంది, దాని నివాసాన్ని పాడుచేస్తే నేరం. ‘తరతరాలుగా ఉంటున్న నివాసం నుంచి వెళ్ళగొట్టడం’ అన్న మాట వినగానే హాలంతా బాధగా నిట్టూర్చింది. నీటిబల్లి కోసం.

"మనం కూడా ఒక మాట మాట్లాడితే బాగుంటుందండీ. కొత్తగా వచ్చినవాళ్ళం, ఊరి మేలు కోరేవాళ్ళమని తెలియాలిగా" అన్నాడు గుంటూరాయన. నిజమే. ఒక దేశంలో స్థిరపడ్డామనడానికి పాస్‌పోర్టు ఒక్కటే చాలదు. ఎవరో ఒకర్ని రావద్దనగలగాలి. లేచి నిలబడ్డాను. "నాకు వాళ్ళంటే ఏ వ్యతిరేకతా లేదు, కానీ" అన్నాను. పదిహేనేళ్ళలో మొదటిసారి నా యాస ఎవరికీ అడ్డు రాలేదు. చప్పట్లు కొట్టారు.

అభ్యంతరాన్ని రాసి కూడా పంపాలన్నారు. కౌన్సిల్ ప్లానింగ్ వెబ్‌సైటులో పాత ఉత్తరాలన్నీ ఉంటాయి కదా, మంచి నమూనా దొరుకుతుందని వెతికాను. దొరికింది. ఎనిమిదేళ్ళ కిందటిది. దారి ఇరుకు, డ్రైనేజీ, బడి, నీటిబల్లి, అన్నీ వరసగా ఉన్నాయి. చివర్లో "ఈ గ్రామీణ ప్రాంత స్వభావానికి ఇది సరిపోదు" అన్న ఘనమైన ముక్తాయింపు. ఇంత చక్కగా రాసిందెవరా, దేనిమీద రాశారా అని పైకి జరిపి చూస్తే, అది మా కాలనీ కట్టొద్దని రాసిన ఉత్తరం. సరిగ్గా మా ఇల్లున్న వరస గురించే. నేనేమీ నొచ్చుకోలేదు. మంచి వాక్యం ఎవరిమీద రాసినా మంచి వాక్యమే. కాపీ చేసి పెట్టుకున్నాను.

సరే, అసలు సంగతికి వస్తాను. చట్టాలు లేకపోవడం వల్లే చోటు దొరకడం లేదని కొందరు అపోహపడుతుంటారు. చట్టాలకేం తక్కువ? 1530లోనే ఎనిమిదో హెన్రీ కాలంలో ఒకటి చేశారు. అందులో వీళ్ళ పేరు ‘ఈజిప్షియన్లు’. ఈజిప్టు నుంచి వచ్చారనుకున్నారు. ఆ మాటే అరిగి అరిగి ‘జిప్సీ’ అయింది. పదహారు రోజుల్లో దేశం వదిలి పొమ్మన్నారు. 1554 నాటికి పోనివాళ్ళకి మరణశిక్ష దాకా వెళ్ళారు. తీరా చూస్తే ఈ జిప్సీల, అంటే రోమానీల, పూర్వీకులు బయల్దేరింది మన ఉత్తర భారతం వైపు నుంచి. నీళ్ళని ఇప్పటికీ ‘పానీ’ అంటారు, కత్తిని ‘చూరీ’ అంటారు, ముక్కుని ‘నక్’ అంటారు. చిరునామా తప్పు రాసుకున్నదీ ప్రభుత్వమే, ఆ తప్పు చిరునామాకి తిరిగి పొమ్మన్నదీ ప్రభుత్వమే. (ఐరిష్ ట్రావెలర్లు వేరు, వాళ్ళ మూలాలు ఐర్లాండులో ఉన్నాయి. మా హాల్లో ఆ తేడా ఎవరూ అడగలేదు. వ్యతిరేకత లేనప్పుడు తేడా ఎందుకు?)

అది పాత మోటు పద్ధతి. నాగరికత పెరిగాక ఉరితాడు బదులు దరఖాస్తు ఫారం వచ్చింది. 1960లో కారవాన్ స్థలాలకు లైసెన్సు ఉండాలన్నారు. దాంతో తరతరాలుగా ఆగుతూ వచ్చిన పొలాలు, ఉమ్మడి బీళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. రోడ్డు పక్కన బండ్లు పెరిగాయి. అప్పుడు ఎరిక్ లబ్బాక్ అనే లిబరల్ పార్టీ ఎంపీ సొంతంగా ఒక బిల్లు పెట్టి 1968లో చట్టం చేయించాడు. కౌన్సిళ్ళు చోటు చూపించి తీరాలని. 1970 నుంచి అది అమలు. చోటు చూపించిన కౌన్సిల్‌కి బహుమానం కూడా పెట్టారు. తన పరిధిలో ఇంకెక్కడ ఆగినా వాళ్ళని పంపించేసే అధికారం! అంటే నలుగురికి అన్నం పెడితే మిగతావాళ్ళని గెంటే హక్కు వస్తుందన్నమాట. అయినా చాలా కౌన్సిళ్ళు తొందరపడలేదు. పాతికేళ్ళు వెతికాయి. 1994లో ప్రభుత్వం వాళ్ళ అవస్థ చూడలేక ఆ బాధ్యతే ఎత్తేసింది. "ఇక మీ జాగా మీరే కొనుక్కోండి, అందరిలాగే ప్లానింగ్ పర్మిషన్ అడగండి" అంది ట్రావెలర్లతో.

న్యాయమైన మాటే. వాళ్ళు కొనుక్కున్నారు.

ఇక్కడ గ్రీన్ బెల్ట్ గురించి చెప్పాలి. మన రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు అని ఉంటుంది. ఎవరి పట్టా కిందికీ రాని భూమి. మనిషిని అంటే అదే తిట్టు. ఇంగ్లండులో గ్రీన్ బెల్ట్ తిట్టు కాదు, మంత్రం. ఊళ్ళు ఒకదానిలోకి ఒకటి పాకకుండా చుట్టూ ఆపి ఉంచిన భూమి అది. పేరులో పచ్చదనం ఉంది కాబట్టి అక్కడ పచ్చగానే ఉండాలని రూలేమీ లేదు. ఎసెక్స్‌లో బాసిల్డన్ దగ్గర డేల్ ఫామ్ అనే చోట ట్రావెలర్లు కొనుక్కున్న జాగా, అంతకు ముందు తుక్కు సామాను యార్డు. తుప్పుపట్టిన కార్ల కళేబరాలు ఉన్నంతకాలం ఆ ప్రాంత స్వభావానికి ఏ లోటూ రాలేదు. వాటి చోట ముగ్గుపిండిలా తెల్లటి కారవాన్లు, కిటికీలకు లేసు తెరలు వచ్చేసరికి గ్రీన్ బెల్ట్ ప్రమాదంలో పడింది. పక్కనే సగం సైటుకు పర్మిషన్ ఉంది, ఈ సగానికి లేదు. పదేళ్ళు కోర్టుల్లో నడిచింది. 2011 అక్టోబరు 19 తెల్లవారుజామున పోలీసులు గోడ బద్దలుకొట్టుకుని లోపలికి వెళ్ళారు. దాదాపు ఎనభై కుటుంబాలు. కౌన్సిల్, పోలీసుల ఖర్చు కలిపి 70 లక్షల పౌండ్లు దాటింది. కొన్ని కుటుంబాలు అక్కడికి కూతవేటు దూరంలోనే దారి పక్కన బండ్లు ఆపుకున్నాయి. అంత డబ్బుతో ఎన్ని పిచ్‌లు కట్టొచ్చో లెక్క వేయమని మా అబ్బాయి అడిగాడు. వాడికి పన్నెండేళ్ళు. సూత్రం కోసం పెట్టే ఖర్చుకి లెక్క చూడకూడదని చెప్పాను.

ఆ రోజుల్లో ఎరిక్ పికిల్స్ గారని ఒక మంత్రి ఉండేవారు, కౌన్సిళ్ళ వ్యవహారాలు చూసేవారు. గ్రీన్ బెల్ట్‌లో ట్రావెలర్ల అప్పీళ్ళంటే ఆయనకు ఎంత శ్రద్ధ అంటే, మామూలుగా ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్లు తేల్చాల్సిన వాటిని కట్టలకు కట్టలు తన బల్ల మీదికే తెప్పించుకున్నారు. ఇలా వీళ్ళవే ఏరి తెప్పించుకోవడం వివక్ష అని 2015 జనవరిలో హైకోర్టు అంది. మనిషి శ్రద్ధకి ఈ రోజుల్లో విలువ లేదు. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం డిసెంబరులో, గ్రీన్ బెల్ట్‌లో అంత పచ్చగా లేని ముక్కలకి ‘గ్రే బెల్ట్’ అని పేరు పెట్టి, వాటిలో కట్టుకోవచ్చంది. ఇళ్ళ కొరత తీర్చడానికి. డేల్ ఫామ్ వాళ్ళదంతా తొందరపాటే. రంగు మారేదాకా ఒక పదమూడేళ్ళు ఓపిక పట్టాల్సింది.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను నిజంగా ముగ్ధుణ్ణి చేసింది 2015 ఆగస్టులో ప్రభుత్వ ప్లానింగ్ విధానంలో వచ్చిన ఒక పేరా.

అవసరం ఎక్కువ, చోటు తక్కువ అయినప్పుడు రెండే మార్గాలు. చోటు పెంచాలి, లేదా మనుషుల్ని తగ్గించాలి. మొదటిదానికి భూమి కావాలి. రెండోదానికి ఒక నిర్వచనం చాలు. అంతకు ముందు, చదువు కోసమో, జబ్బు వల్లో, ముసలితనం వల్లో తిరగడం మానేసిన మనిషి కూడా ప్లానింగ్ లెక్కలో జిప్సీయే. 2015లో అది మార్చి, తాత్కాలికంగా ఆగితే పరవాలేదు, శాశ్వతంగా ఆగితే ఇక జిప్సీ కాదన్నారు. డెబ్బై ఏళ్ళు బండి మీద తిరిగిన తాత ఒక పొద్దున మోకాళ్ళు పట్టుకుని "ఇక నావల్ల కాదర్రా" అంటాడు. ఆ మాట నోట్లోంచి బయటపడిన క్షణాన ఆయన జాతి మారిపోయింది. ఆయన మనవడు వారం వారం ఊళ్ళు తిరిగి చెట్లు కొట్టే పని చేస్తాడు కాబట్టి వాడు జిప్సీ. ఇద్దరూ ఒకే కెటిల్లో కాచిన టీ తాగుతుంటారు. మా తాత పొలం కౌలుకిచ్చి, అరుగు మీద కూర్చుని పాతికేళ్ళు పేపరు చదివాడు. చనిపోయినప్పుడు కూడా ‘రైతు’ అనే రాశారు. నిర్వచనం రాసేవాళ్ళు లేని ఊరు మాది.

ఈ నిర్వచనాన్ని క్షేత్రస్థాయిలో అమలుచేయడానికి కన్సల్టెంట్లని పెట్టుకున్నారు. వాళ్ళు సైటుకి వచ్చి, తలుపు కొట్టి అడిగేవారు. గత ఏడాది ఎన్నిసార్లు ప్రయాణం చేశారు? ఎక్కడికి? పనికోసమా, పెళ్ళికా? పెళ్ళికైతే లెక్కలోకి రాదు. ఆపిల్‌బీ గుర్రాల సంతకి వెళ్ళారా? అక్కడ గుర్రం అమ్మారా, ఊరికే చూశారా? జవాబుల్ని బట్టి కుటుంబాల్ని విడగొట్టి నివేదిక రాసేవారు. నిర్వచనానికి సరిపోయినవాళ్ళు, సరిపోనివాళ్ళు, ఎటూ తేలనివాళ్ళు. ఈ తేలనివాళ్ళలో చాలామంది ఎందుకు తేలలేదంటే, తలుపు కొట్టినప్పుడు ఇంట్లో లేరు. సంచారి అనడానికి ఇంట్లో లేకపోవడం కన్నా గట్టి రుజువు ఏముంటుందని నాబోటి అమాయకులకు అనిపిస్తుంది. అందుకే మనల్ని కన్సల్టెంట్లుగా తీసుకోరు.

ముసలివాళ్ళ మీద, వికలాంగుల మీద ఇది వివక్షే అని 2022 అక్టోబరులో అప్పీలు కోర్టు తేల్చింది. ప్రభుత్వం ఆలోచించి 2023 డిసెంబరులో పాత నిర్వచనాన్ని మళ్ళీ పెట్టింది. ఆ ఎనిమిదేళ్ళలో లెక్కలోంచి జారిపోయిన తాతల్లో కొందరికి ఈ కబురు అందే ఉంటుంది.

ఇప్పుడు ఆ ఎనిమిదేళ్ళలో ఒక బుద్ధిమంతుడైన ట్రావెలర్ ఉన్నాడనుకోండి. అనర్హుడు కాకూడదని నిష్ఠగా తిరుగుతున్నాడు. తిరిగేవాడికి చీకటి పడుతుంది. ఎక్కడో ఒకచోట ఆగాలి. సరిగ్గా ఆ సమస్యకే 2022లో పరిష్కారం తెచ్చారు. అంతకు ముందు ఎవరి స్థలంలోనైనా పర్మిషన్ లేకుండా బండి ఆపడం చాలావరకు సివిల్ తగాదా. 2022 జూన్ 28 నుంచి, అలా ఆగి ఉంటున్నవాడు వెళ్ళమన్నా వెళ్ళకపోతే, గట్టి నష్టమో ఇబ్బందో కలిగించాడని తేలితే, లేదా కలిగించేలా ఉన్నాడనిపించినా సరే, క్రిమినల్ నేరం. మూడు నెలల దాకా జైలు, 2,500 పౌండ్ల దాకా జరిమానా. బండిని స్వాధీనం చేసుకోవచ్చు. ఆ బండే వాళ్ళ ఇల్లు. అంటే ఇంటిని తీసేసుకుని, మనిషిని నిరాశ్రయుడి లెక్కలోకి మార్చవచ్చు. ఆ లెక్క వేరే డిపార్ట్‌మెంటు చూసుకుంటుంది. పన్నెండు నెలలు ఆ చోటికి తిరిగి రాకూడదన్న నిబంధన మానవ హక్కులకి పొసగదని 2024 మేలో హైకోర్టు అంది. కోర్టులు ఇలా మాటిమాటికీ అడ్డుతగలకపోతే ఈ దేశంలో ప్లానింగ్ ఎంతో ముందుకెళ్ళేది.

చట్టం గురించి ఒక మంచి మాట చెప్పకపోతే పాపం. అది ప్రయాణాన్ని ఎక్కడా నిషేధించలేదు. తిరగండి, హాయిగా తిరగండి. ఆగకండి.

ముందుచూపులో మాత్రం కొన్ని కౌన్సిళ్ళు పార్లమెంటుని మించిపోయాయి. వచ్చినవాళ్ళని ఖాళీ చేయించడం ఖర్చు కదా, అసలు రాబోయేవాళ్ళ మీదే ముందుగా ఇంజంక్షన్, అంటే రావద్దనే కోర్టు ఆర్డరు, తెచ్చుకుంటే? ఎవరు రాబోతున్నారో తెలియదు కాబట్టి ప్రతివాది పేరు దగ్గర ‘గుర్తుతెలియని వ్యక్తులు’ అని రాసి కోర్టుకెక్కారు. లండన్లో బ్రోమ్లీ కౌన్సిల్ తన పరిధిలో జనం తిరగగలిగిన బహిరంగ స్థలాలన్నిటికీ కలిపి అలాంటి ఆర్డరు అడిగింది. ఐదేళ్ళకి. రెండే మినహాయింపులు. రోడ్లు, శ్మశానాలు. ఎంత ఆలోచించి రాశారో చూడండి. కదులుతున్నంతసేపూ రోడ్డు మీద ఉండొచ్చు, కదలిక పూర్తిగా ఆగిపోయాక శ్మశానంలో ఉండొచ్చు. మధ్యలోనే కాస్త ఇబ్బంది. 2020 జనవరిలో అప్పీలు కోర్టు దీన్ని ఒప్పుకోలేదు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఇలాంటి ఆర్డర్లు అసలే ఇవ్వకూడదని అనలేదు గానీ, గట్టి అవసరం చూపించాలి, చోటుకీ కాలానికీ హద్దు ఉండాలి అంది.

ఇక మీరు అడగవచ్చు, మరి చోటు వెతకడం మాటేమిటని. ఎంత శాస్త్రీయంగా జరుగుతుందో చెబుతాను. ముందు భూమి ఉన్నవాళ్ళందర్నీ "మీ భూమి ట్రావెలర్ల సైటుకి ఇస్తారా" అని బహిరంగంగా అడుగుతారు. అదే పొలంలో ఇళ్ళకి పర్మిషన్ వస్తే ధర ఎన్నో రెట్లు పలుకుతుందని తెలిసిన ఆసాములు చేతులు కట్టుకుని మౌనంగా ఉంటారు. మౌనాన్ని నమోదు చేసుకుంటారు. తర్వాత ఇరుగుపొరుగు కౌన్సిళ్ళకి ఉత్తరాలు. "మా దగ్గర చోటు లేదు, మీ దగ్గర ఉందా?" "లేదు, మీ దగ్గర ఉందేమో అని మేమే రాద్దామనుకుంటున్నాం." పెళ్ళి భోజనాల్లో చివరి గారె దగ్గర జరిగే మర్యాదలాంటిది ఇది. మీరు తీసుకోండంటే మీరు తీసుకోండంటారు, గారె చల్లారిపోతుంది. ఈ ఉత్తరాలన్నీ కలిపి అనుబంధంగా కుట్టి, ప్రయత్నలోపం లేదని రాస్తారు.

అయినా చోట్లు అసలు దొరకలేదనడం అన్యాయం. దొరికాయి. ఉన్న కౌన్సిల్ సైట్లు కొన్ని చూసొస్తే ఎంపికలో ఎంత జాగ్రత్త ఉందో తెలుస్తుంది. మురుగునీటి ప్లాంటు పక్కన, చెత్త కుప్పల పక్కన, రైలు పట్టాల పక్కన, మోటర్‌వే గోడకి ఆనుకుని. పశ్చిమ లండన్లో వెస్ట్‌వే అని ఒక పెద్ద ఎత్తైన రోడ్డు ఉంది, రాత్రీ పగలూ కార్లు పోతూనే ఉంటాయి. దాని ఛాయలోనే స్టేబుల్ వే అనే ట్రావెలర్ల సైటు ఉంది, 1970ల నుంచీ. తిరిగే అలవాటున్నవాళ్ళకి కనీసం తిరుగుతున్న చక్రాల చప్పుడైనా వినిపించాలని ఎవరో సహృదయుడు ఆలోచించి ఉంటాడు.

ఆ ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసింది. బాపట్లలో ఉంటుంది.

"ఏరా, మీ ఊళ్ళో ఏదో మీటింగన్నావు, ఏమైంది?"

చెప్పాను. అంతా విని, "మన చెరువు గట్టు మీద గంగిరెద్దులవాళ్ళూ, పూసలవాళ్ళూ వచ్చి దిగేవాళ్ళు చూడు, అలాంటివాళ్ళా?" అంది.

"అలాంటివాళ్ళే అనుకో."

"దానికి మీటింగెందుకురా? పండగెళ్ళాక వాళ్ళే పోతారుగా."

అమ్మకి ప్లానింగ్ తెలియదు. చెరువు గట్టుకైనా స్థల ఎంపిక ప్రమాణాలు, ఐదేళ్ళ సరఫరా, వరద ముప్పు అంచనా ఉంటాయని చెబితే "పిల్లలు తిన్నారా" అని మాట మార్చింది. అయితే ఆవిడ ఒకటి మర్చిపోయింది. ఇలాంటి లెక్కలు మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. బాపట్ల నుంచి చీరాల వెళ్ళే రైలెక్కితే మధ్యలో స్టూవర్టుపురం స్టేషన్ వస్తుంది. దొరలు 1871లో నేరస్థ జాతుల చట్టమని ఒకటి చేశారు. ఫలానా జాతిలో పుట్టినవాళ్ళంతా నేరస్థులేనని ప్రభుత్వమే పట్టిక రాసింది. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఊరూరా తిరిగే ఎరుకలవాళ్ళ పేరూ ఆ కోవలోకే చేరింది. 1913 ప్రాంతంలో వాళ్ళని తెచ్చి స్టూవర్టుపురంలో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే ఇంగ్లీషు మత సంస్థకి అప్పగించారు. ఊరికి ఒక దొర పేరు పెట్టారు. హాజరు పలకాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952 ఆగస్టు 31న ఆ పట్టిక రద్దయింది. ‘విముక్త జాతులు’ అన్నారు. ఆ ఊరి పేరు చెబితే చాలు, బస్సులో జేబులు తడుముకునేవాళ్ళు మాత్రం నా చిన్నప్పుడు కూడా ఉన్నారు. నేనూ తడుముకున్నాను.

ఇక్కడ హాజరు అంత మోటుగా ఉండదు. 1979 నుంచి ఏటా రెండుసార్లు, జనవరిలో, జులైలో, కౌన్సిల్ మనిషి వెళ్ళి కారవాన్లని లెక్కపెట్టి వస్తాడు. కారవాన్లనే, మనుషుల్ని కాదు. ఇంగ్లండు మొత్తానికి సుమారు పాతిక వేలు తేలుతుంటాయి. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్సుల్లో తాము జిప్సీలమనో ఐరిష్ ట్రావెలర్లమనో రాసుకున్నవాళ్ళు 71,440 మంది. వాళ్ళలో నాలుగింట మూడొంతుల మందికి పైగా మామూలు ఇళ్ళలోనే ఉంటున్నారు. చోటు దొరకక ఇళ్ళలోకి మారినవాళ్ళు ఎందరో, ఇష్టపడి మారినవాళ్ళు ఎందరో ఆ లెక్కలో ఉండదు. మొత్తం జనాభాలో వెయ్యికి ఒకరు. మా విలేజ్ హాలు నిండిపోయింది ఆ ఒక్కరి కోసం.

ఇంత సజావుగా సాగుతున్న వ్యవహారంలో ఆట చెడగొట్టేవాళ్ళు కొందరుంటారు. లీడ్స్ సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ గుంటూరాయన అక్కడ పనిచేసి వచ్చాడు, ఎలాగూ కింద కామెంటు పెడతాడు. అక్కడి కౌన్సిల్, జిప్సీలూ ట్రావెలర్ల సంఘమూ కలిసి ‘మాట్లాడుకుని ఆగడం’ అనే పద్ధతి పెట్టాయి. బండ్లు వస్తే కోర్టుకి పరిగెత్తకుండా, ఒక మనిషి వెళ్ళి మాట్లాడతాడు. ఇన్ని రోజులుంటారా, సరే. చెత్త ఈ డబ్బాలో వేయండి, ఇదిగో మరుగుదొడ్డి, ఫలానా రోజుకి కదలండి. ఇద్దరూ ఒప్పుకుంటారు. కోర్టు ఖర్చులు, ఖాళీ చేయించే ఖర్చులు, తర్వాత ఊడ్చే ఖర్చులు మిగులుతున్నాయట. ఇది చాలా ప్రమాదకరమైన ఉదాహరణ. చెత్తడబ్బాతో తీరే సమస్యని యాభై ఏళ్ళ పైనుంచీ ప్రణాళికలతో కాపాడుకుంటూ వస్తున్న మిగతా కౌన్సిళ్ళు ఏమైపోవాలి? అమ్మ చెప్పిన పద్ధతికీ దీనికీ తేడా ఒక్క చెత్తడబ్బాయే. ఆ విషయం ఆవిడకి చెప్పలేదు, గర్వపడుతుంది.

పోలిస్తే నాకు మెరిడెన్ పద్ధతి నచ్చుతుంది. సోలిహల్ దగ్గరి ఊరు. 2010లో మే నెల బ్యాంక్ హాలిడే సెలవుల్లో జిప్సీ కుటుంబాలు కొన్ని తాము కొనుక్కున్న పొలంలోకి బండ్లతో దిగాయి. ఊరివాళ్ళు ఊరుకుంటారా? పొలానికి ఎదురుగా దారి పక్కన తామూ శిబిరం వేశారు. వంతులవారీగా రాత్రీ పగలూ కాపలా. ఎండ, వాన, మంచు. దాదాపు మూడేళ్ళు. దారి పక్కన బతకడం ఈ ప్రాంత స్వభావానికి సరిపోదని, మూడేళ్ళు దారి పక్కన బతికి చూపించారు.

బ్యాంక్ హాలిడే అంటే గుర్తొచ్చింది. ఆ ముందు శుక్రవారం సాయంత్రం కారవాన్ తగిలించుకుని బయల్దేరేవాళ్ళని ఇక్కడ జనం అనుమానంగా చూస్తారు. ప్లానింగ్ ఆఫీసు తలుపులు మూసే వేళ చూసుకుని పొలాల్లో దిగుతారని. ఈ మే నెలలో మా బండిని ఎవరూ అలా చూడలేదు. గుంటూరాయనా నేనూ సగం సగం వేసుకుని సెకండ్‌హ్యాండ్ కారవాన్ ఒకటి కొన్నాం. నేను చెప్పిన ఆ 1960 చట్టంలోనే ఒక చక్కటి వెసులుబాటు ఉంది. గుర్తింపున్న కారవాన్ క్లబ్బు సర్టిఫికెట్ ఇస్తే చాలు, ఏ రైతయినా తన పొలంలో ఐదు కారవాన్లదాకా ఆపుకోనివ్వచ్చు. ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు, సైట్ లైసెన్సు అక్కర్లేదు. మ్యాపు, మచ్చలు, విలేజ్ హాలు, ఏమీ అక్కర్లేదు. ఆగేవాళ్ళు క్లబ్బు సభ్యులై ఉండాలంతే. ఏడాది చందా కట్టాం. కార్డు పోస్టులో వచ్చింది.

మధ్యాహ్నం సెలవు పెట్టి బయల్దేరితే నాలుగింటికి చేరాం. ఇరుకు దారి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే అర మైలు వెనక్కి నడిపాం. పొలం అంచున చిన్న కుంట, పిల్లలు అప్పుడే అందులో నీటిబల్లి కోసం వెతుకుతున్నారు. రైతు గేటు తీసి, కార్డు కూడా చూడకుండా, "ఎక్కడ బాగుందనిపిస్తే అక్కడ ఆపుకోండి" అన్నాడు. మా ఆవిడ గ్యాస్ స్టవ్ మీద ఉప్మా కలిపింది. గుంటూరాయన గొడుగు కింద కుర్చీ వేసుకుని, "జీవితమంటే ఇదండీ" అన్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. కౌన్సిల్ నుంచి ఈమెయిల్. ట్రావెలర్ల సైట్ల మీద అభ్యంతరాలకి గడువు ఈ రోజు సాయంత్రం ఐదింటితో సరి. కారవాన్ మెట్టు మీద కూర్చుని ఫారం తెరిచాను. పేరు, పిన్‌కోడు. కాపీ చేసి పెట్టుకున్నది అతికించాను. ‘ఇళ్ళు’ అని ఉన్న చోటల్లా ‘కారవాన్లు’ అని మార్చాను. ఈ గ్రామీణ ప్రాంత స్వభావానికి కారవాన్లు సరిపోవు.

"ఏమండీ, ఉప్మా చల్లారిపోతోంది."

"వస్తున్నా, ఒక్క నిమిషం."

నొక్కాను. పోలేదు. మళ్ళీ నొక్కాను. కుంట పక్కన సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. టైము ఐదుకి పది నిమిషాలు. గుంటూరాయన లేచి, చక్రాల కింద పెట్టిన చెక్కలు తీశాడు. ఇద్దరం కలిసి కారవాన్‌ని గట్టు మీదికి, ఇంకొంచెం ఎత్తుకి, రైతుని అడక్కుండానే తోసుకెళ్ళాం.